బాలింతకు మొదటి ఔషధం సౌమనస్యం

"డాక్టరుగారూ, మా అమ్మాయికి పాలు పడలేదండీ. ఏదైనా మందు ఇవ్వండి."

సుమారు 40 సంవత్సరాల వైద్యవృత్తిలో ఈ మాటను విన్నన్ని సార్లు నేను మరే మాటనూ వినలేదేమో. సాధారణంగా ఈ మాట అనేది బాలింత కాదు. ఆమె తల్లిగాని, అత్తగారుగాని అంటారు. బాలింత ప్రక్కనే కొంగు సవరించుకుంటూ, ఏదో నేరం చేసినదానివలె తలవంచుకుని కూర్చుంటుంది. మందు కోసం వచ్చినవారిని ఉత్తచేతులతో పంపరాదనే భావంతో నేను కూడా చాలాకాలం శతావరి చూర్ణమో, లేహ్యమో ఇచ్చి పంపుతూ వచ్చాను. అందులో నేను చేసిన పొరపాటును పాఠకులకు విన్నవించి, పాలిచ్చే తల్లి పట్ల ఇంటిల్లిపాది కర్తవ్యం ఏమిటో నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం చెప్పిన క్రమం

గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజులలో సుశ్రుత సంహితలోని శారీరస్థానాన్ని తెల్లవారుజామున వల్లె వేసేవాళ్లం. దాని పదవ అధ్యాయంలో స్తన్యం తగ్గిపోవడానికి కారణాలున్నాయి. కోపం, దుఃఖం, వాత్సల్యం లేకపోవడం మొదలైనవి ఆ కారణాలు. ఆ వెంటనే చికిత్స ఉంది. ముందుగా స్త్రీకి సౌమనస్యం, అనగా మనస్సుకు ప్రసన్నత, కలిగించాలి. ఆ తరువాత యవలు, గోధుమలు, శాలిధాన్యం, మాంసరసం, చేపలు, వెల్లుల్లి, తెలగపిండి, నేలగుమ్మడి, యష్టిమధుకం, శతావరి మొదలైనవి ఇవ్వాలి. ఇదీ ఆచార్యుడు చెప్పిన క్రమం.

అదే సంహిత నిదానస్థానంలో మరొక విశేషం కనిపిస్తుంది. బిడ్డను తాకినా, చూచినా, తలచుకున్నా కూడా తల్లికి పాలు స్రవిస్తాయని, బిడ్డపై ఎడతెగని స్నేహమే అందుకు హేతువని చెప్పబడింది. ఆధునిక వైద్యులు దీనినే మరొక భాషలో చెబుతున్నారు. బిడ్డ రొమ్ము చప్పరించినప్పుడు తల్లి మెదడు నుండి రెండు హార్మోనులు విడుదలవుతాయి. ప్రోలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటకు పంపిస్తుంది. భయం, నొప్పి, అవమానం, ఆందోళన ఈ రెండవ దానిని అడ్డుకుంటాయి. అప్పుడు రొమ్ములో పాలున్నా బిడ్డ నోటికి సరిగా అందవు. సౌమనస్యానికి ప్రథమ స్థానం ఎందుకు దక్కిందో దీనితో స్పష్టమవుతుంది.

నా పొరపాటు

వైద్యం ప్రారంభించిన తొలి సంవత్సరాలలో, కోనసీమలోని ఒక గ్రామం నుండి 19 సంవత్సరాల అమ్మాయిని తండ్రి నా వద్దకు తీసుకువచ్చాడు. తొలి కాన్పు, పుట్టింట్లోనే ఉంది. బిడ్డకు మూడు వారాలు. నాడి చూచి, శతావరి ఇచ్చి, పాలు, నెయ్యి, తెలగపిండి కూర పథ్యంగా చెప్పి పంపాను. పది రోజులకు మళ్లీ వచ్చారు. గుణం లేదన్నారు. మోతాదు పెంచాను. మూడవసారి అమ్మాయి రాలేదు. ఆమె అమ్మమ్మ వచ్చింది.

"బాబూ, నీ మందుకేం గానీ, ఆడపిల్ల పుట్టిందని అల్లుడు బిడ్డ మొహమైనా చూడకుండా వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ పిల్ల రాత్రిళ్లు ఏడుస్తానే ఉంది. ఏడుస్తూ ఎలా ఇస్తుంది పాలు?" అన్నది.

అప్పటికే ఆ ఇంట డబ్బాపాలు మొదలయ్యాయి. ఖరీదు భరించలేక వాటిలో నీళ్లు ఎక్కువ కలిపారు. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. పట్నంలోని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. దైవానుగ్రహం వలన బిడ్డ బ్రతికింది. కాని తల్లి పాలకు తిరిగి రాలేదు.

ఆ రాత్రి నేను గ్రంథం తీసి మళ్లీ ఆ వాక్యం చదువుకున్నాను. అందులోని ద్రవ్యాల పేర్లన్నీ నాకు కంఠస్థమే. వాటికి ముందున్న ఒక్క మాటను మాత్రం దాటిపోయాను. అంతేకాదు, సౌమనస్యం కలిగించవలసిన భారాన్ని ఆచార్యుడు బాలింత మీద పెట్టలేదు. చికిత్స చేసేవాని మీద పెట్టాడు. నేను ఆ అమ్మాయిని మూడు నాలుగు ప్రశ్నలైనా అడగలేదు. అల్లుడిని పిలిపించి ఒక్క మాట చెప్పలేదు. "వాత్సల్యం లేకపోవడం" అంటే తల్లికి బిడ్డపై వాత్సల్యం లేకపోవడమని వ్యాఖ్యానం చదువుకున్నవాణ్ణి. ఆ ఇంట్లో వాత్సల్యం కొరవడింది తల్లి పట్ల. శాస్త్రాన్ని అలా కూడా అన్వయించుకోవాలని నాకు నేర్పింది ఆ అమ్మమ్మే.

పాలను ఎండగట్టే మాటలు

శిశువులకు డబ్బాపాలు, పాలసీసాల ప్రచారాన్ని అరికట్టడానికి మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. ప్రకటనలు ఆగాయి గాని, డబ్బా ఇంట్లోకి రావడం ఆగలేదు. చూడవచ్చిన చుట్టపక్కాల నాలుక మీదుగా అది వస్తూనే ఉంది. "నీ పాలు నీళ్లలా పలచగా ఉన్నాయే," "మా రోజుల్లో పైట తడిసిపోయేది," "పిల్లాడు ఇంకా ఏడుస్తున్నాడంటే కడుపు నిండలేదన్నమాట." ఈ మాటలు అనేవారికి దురుద్దేశం ఉండదు. కాని నిద్రలేక, కుట్లు సలుపుతూ, ఒళ్లంతా పచ్చిగా ఉన్న స్త్రీకి అవి ములుకులవలె తగులుతాయి.

ఏడ్చిన ప్రతిసారీ బిడ్డకు ఆకలే కానక్కర లేదు. ఇక పాల సంగతి ఇసుకలో తవ్వుకున్న చెలమ వంటిది. తోడిన కొద్దీ ఊరుతుంది. అనుమానంతో ఒక పూట డబ్బాపాలు పడితే బిడ్డ ఆ పూట రొమ్ము చప్పరించదు. చప్పరించనందున పాలు తగ్గుతాయి. తగ్గినందున రెండవ పూట కూడా డబ్బా తీస్తారు. కొద్ది రోజులలో "మేము ముందే చెప్పాం కదా" అనే మాట నిజమై కూర్చుంటుంది.

ముర్రుపాలు, తేనె

ఈడ్చి కట్టిన ఆవు జున్నుపాల కోసం ఊరంతా గిన్నెలు పట్టుకు తిరిగే మనం, తల్లి ముర్రుపాలను మాత్రం "చెడ్డపాలు" అని నేలపాలు చేసిన రోజులున్నాయి. ఆ అలవాటు తగ్గింది గాని, పుట్టిన వెంటనే పాలు పట్టడం ఇప్పటికీ సగం ఇళ్లలో లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నా, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన శిశువులు 41.8 శాతమే. ఆరు నెలలలోపు శిశువులలో కేవలం తల్లిపాల మీద ఉన్నవారు 63.7 శాతం.

ఈ సందర్భంలో ఒక విషయం దాపరికం లేకుండా చెప్పాలి. పుట్టిన శిశువుకు తేనె, నెయ్యి నాకించమని మన గ్రంథాలలో ఉంది. చరక సంహిత ఆ సంస్కారం తరువాత కుడి రొమ్ముతో మొదలుపెట్టి స్తన్యం ఇమ్మంటుంది. సుశ్రుతం ప్రకారం మూడు నాలుగు దినాలకు గాని పాలు దిగవు. నిజానికి ఆ మొదటి దినాలలో వచ్చే కొద్దిపాటి ముర్రుపాలే శిశువుకు రక్షణ అని నేడు మనకు తెలుసు. అప్పుడే పుట్టిన బిడ్డ ఒక్కసారికి తాగేది చిన్న చెంచాడు మాత్రమే. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు సంవత్సరంలోపు శిశువుల ప్రాణానికే ప్రమాదం తేగలవని కూడా తెలుసు. కాబట్టి నేను తేనె చెప్పడం మానివేశాను. పంచదార నీళ్లు, గాడిదపాలు, ఆముదం కూడా వద్దంటాను. ఆచార్యులు తమ కాలంలో కనిపించినదంతా పరీక్షించి చెప్పారు. మన కాలంలో తెలిసినదానిని మనం కలుపుకోవడం వారికి అపచారం కాదు.

వంటింటి సహాయం

మందుల మీద నాకు విశ్వాసం పోలేదు. సుశ్రుతుని పట్టికలోని తెలగపిండి నేటికీ కోస్తా ఇళ్లలో బాలింతకు వెల్లుల్లి, మునగాకు చేర్చి వండిపెడుతున్నారంటే ఆ సంప్రదాయం ఎంత బలమైనదో ఊహించవచ్చు. వాము, శొంఠి, మెంతులు మితంగా వాడవచ్చు. శతావరిని తరతరాలుగా వైద్యులు వాడుతున్నారు. అయితే దానిపై ఆధునిక పద్ధతిలో జరిగిన పరీక్షలు కొద్దివే. కాబట్టి "వారం రోజులలో పాలు రెట్టింపు" అని చెప్పి అమ్మే పొడులకు డబ్బు పోయవద్దు. ఏ ఔషధమైనా వైద్యుని సలహాతోనే వాడాలి.

బాలింతకు నీళ్లు తగ్గించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది తప్పు. దాహమైనంత కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వండి. పథ్యం పేరిట కూర, పప్పు లేకుండా కారప్పొడి అన్నంతో నెల గడిపించడం కూడా తప్పే.

ఎవరు ఏమి చేయాలి?

తల్లీ, మొదట నీకు. రోజుకు 8 నుండి 12 సార్లు, రాత్రులు కూడా, బిడ్డ అడిగినప్పుడల్లా పాలు ఇవ్వు. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొనను మాత్రమే కాక చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా అందుకోవాలి. అలా పట్టకపోతేనే మొన పగులుతుంది, పాలు తక్కువ వస్తాయి. దీనిని అనుభవమున్న నర్సుగాని, ఆశా కార్యకర్తగాని ప్రక్కన కూర్చుని చూపిస్తే రెండు రోజులలో పట్టుబడుతుంది. పాలివ్వడం స్వభావసిద్ధమే అయినా నేర్చుకోవలసిన విద్య కూడా. రానందుకు సిగ్గుపడకు.

అత్తగారికి, అమ్మగారికి. మీరు వచ్చినవారిని గది బయటే కూర్చోబెట్టండి. వంట, బట్టలు, పెద్దపిల్లల పని మీరు చూసుకోండి. బిడ్డను తల్లి నుండి తీసుకోవడం కాక, తల్లి నుండి పనిని తీసుకోవడమే సాయం.

భర్తకు. పుట్టింట దింపి వచ్చి నీ బాధ్యత తీరిందనుకోకు. రాత్రి బిడ్డ గుడ్డలు మార్చు, పాలు తాగిన తరువాత భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించు. పుట్టినది ఎవరైనా సరే, ముందు ఆ బిడ్డ ముఖం చూడు.

2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరగడం మంచిదే. కాని పొలానికి, ఇటుకబట్టీకి వెళ్లే తల్లికి ఆ సెలవు అందదు. ఆమె పాలు పిండి ఇచ్చి వెళితే ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. వేసవిలో ఎక్కువసేపు బయట ఉంచరాదు. ఆమెకు మధ్యాహ్నం ఒక గంట ఇంటికి వచ్చే వీలు కల్పించడం పని ఇచ్చేవారి ధర్మం.

చాలుతున్నాయో లేదో తెలుసుకునేదెలా?

పాలు చాలుతున్నాయనడానికి గుర్తు తడిసిన పైట కాదు. మొదటి వారం గడిచేసరికి బిడ్డ రోజుకు ఆరుసార్లు లేదా ఎక్కువగా మూత్రం పోయాలి. తొలి రోజులలో బరువు కొద్దిగా తగ్గడం సహజం. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావాలి. అలా లేకపోయినా, బిడ్డ మందకొడిగా ఉండి పాలు తాగకపోయినా, తల్లికి రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. తల్లి దిగులు రెండు వారాలు దాటి కొనసాగినా, బ్రతుకు మీద విరక్తి మాటలు మాట్లాడినా అది "బాలింత చాదస్తం" కాదు. మానసిక వైద్యుని చూపించాలి.

చివరగా ఒక హెచ్చరిక. సౌమనస్యం అన్న ఈ మాటను తీసుకువెళ్లి, "నువ్వు ఏడుస్తున్నావు గనుకనే పాలు ఎండిపోయాయి" అని బాలింతను నిందించకండి. అలా అంటే నేను చెప్పినదంతా తలక్రిందులైనట్లే. థైరాయిడ్ దోషం వంటి కారణాల వలన ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులు కూడా కొందరుంటారు. వైద్యుని సలహాతో శుభ్రంగా, సరైన పాళ్లలో పైపాలు పట్టే ఆ తల్లి ఏ తల్లికీ తీసిపోదు.

ఇప్పుడు నా వద్దకు వచ్చినవారు "పాలు పడలేదండీ" అనగానే నేను చీటీ వ్రాయను. వెంట వచ్చినవారిని కాసేపు అరుగు మీద కూర్చోమని, బాలింతను అడుగుతాను: "అమ్మా, రాత్రి ఎంతసేపు పడుకున్నావు? అన్నం ఎవరు పెడుతున్నారు? నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా?" చాలామంది మూడవ ప్రశ్నకు కంటతడి పెడతారు. కొంతసేపటికి బిడ్డ ఏడిస్తే అక్కడే కొంగు చాటున పాలకు పెట్టుకుంటారు. ఆ తరువాతనే నేను నాడి చూస్తాను.