సంగటి పక్కన ఏ వైన్ పెట్టాల?

ఈ మధ్య మన ఇండ్లల్లో ఒక కొత్త అలవాటు చూస్తా ఉన్నాను. శనివారం రాత్రి భోజనానికి ఎవరో వస్తారు, వచ్చేటప్పుడు ఒక వైన్ సీసా తెస్తారు అని తెలిస్తే చాలు, ఆ రోజు సంగటి కట్టెకి సెలవు. పాస్తా చేస్తారు, లేదంటే కారం లేని చికెన్ ఓవెన్‌లో పెడతారు. అడిగితే "మన వంటకి వైన్ సరిపోదులే" అంటారు. నేను ఈ మాట ఒప్పుకోను. మార్చాల్సింది వంట కాదు, సీసా.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు నాకు బడిలో రాలేదు, వంటింట్లో వచ్చింది. సంగటి, ఊరిబిండి, పితికిపప్పు, ఉలవచారు: ఈ మాటలన్నీ అవ్వ పొయ్యి దగ్గర విన్నవే. చుట్టాలొచ్చిన రోజే ఆ వంట పక్కకి పోతే, మన పిల్లలు ఆ మాటలు ఎక్కడ వింటారు? అందుకే ఇది సీసాతో తీరిపోయే చిన్న విషయం అని నేను అనుకోను.

మటన్‌కి రెడ్, చేపకి వైట్ అనే లెక్క యూరప్ వాళ్లది. వాళ్లు మాంసాన్ని ఉప్పు, మిరియాలు వేసి కాలుస్తారు, మాంసం రుచే ముందుంటుంది. మన నాటుకోడి పులుసులో నాలుకకి ముందు తగిలేది కారం, తర్వాత చింతపండు, ధనియాలు, కొబ్బరి. కోడి రుచి ఆ తర్వాతే. కాబట్టి మనం మాంసాన్ని చూసి కాదు, పులుసుని చూసి వైన్ ఎంచుకోవాల.

మొదట కారం సంగతి. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చే టానిన్ ఉంటుంది. చిక్కటి టీ డికాషన్ తాగితే నోరు ఎండినట్టు అవుతుందే, ఆ వగరే ఇది. కారం తిన్న నోటికి ఆ వగరు ఇంకా చేదుగా తగులుతుంది. ఆల్కహాల్ ఎక్కువైతే మంట పెరుగుతుంది. అంటే 14 శాతం ఉండే గట్టి రెడ్, ఎంత ఖరీదైనా, నాటుకోడి పులుసుకి చానా తప్పు జోడీ. 12 శాతం దగ్గర ఉండి, రొంత తీపి ఉండే చల్లటి వైట్ మంటని తగ్గిస్తుంది. షెనిన్ బ్లాంక్ రకం మన దేశంలో బాగా పండుతుంది, చానా అంగళ్లలో దొరుకుతుంది. రొంత తీపిగా చేసినది అడిగి తీసుకోండి.

ఇంక పులుపు. చింతపండులో ముఖ్యంగా ఉండే ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో కూడా ముఖ్యమైనది అదే. పులుసు కంటే వైన్ పులుపు తక్కువైతే, తాగినప్పుడు నీళ్లలాగా చప్పగా ఉంటుంది. అందుకే పులుపు బాగా ఉండే వైట్ కానీ రోజే కానీ మన పులుసుల పక్కన నిలబడతాయి.

"తీపి వైన్ అంటే తెలియనోళ్లు తాగేది" అని కొందరు నవ్వుతారు. అది వేరే ఊరి వంటకి పుట్టిన మాట. కోలారు, చిక్కబళ్లాపుర వైపు మనోళ్లు ఎందరో ద్రాక్ష తోటలు పెట్టిన రైతులే. అక్కడ పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ద్రాక్షతో చేసే తీపి వైన్‌ని బాగా చల్లబరిచి కారం వేపుడు పక్కన పెట్టండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అన్నిటికీ వైన్ పెట్టాలని మాత్రం నేను చెప్పను. పచ్చిమిరపకాయ ఊరిబిండికి, ఆవకాయకి మజ్జిగే సరి. చలికాలం అనపగింజలు వచ్చినప్పుడు చేసే పితికిపప్పు కారం తక్కువ, దానికి తీపి లేని సావిన్యాన్ బ్లాంక్ బాగుంటుంది. రెడ్డే కావాలంటే మిరియాల మటన్ వేపుడు రోజు తెరవండి. తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, మన ఇండ్ల వేడికి రెడ్ కూడా బరువెక్కుతుంది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇక్కడా అంతే. మీ ఇంట్లో ఎప్పుడూ చేసే పులుసే, అదే కారంతో చేయండి. సీసా ఒక్కటే మార్చండి. ఒక నెల వైట్, ఇంకో నెల రోజే. ఏది తాగినాక ఇంకో ముద్ద తినబుద్ధి అయిందో రాసిపెట్టుకోండి. షోలాపూర్‌లో ఉండే మనోళ్లు తమ షేంగా చట్నీ పక్కన ఇట్లే చూసి చెప్తే, ఇక్కడ మాకూ పనికొస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్తాను. చానా ఇండ్లల్లో పెద్దోళ్లు వైన్ ముట్టరు. వాళ్లని వేరే గదిలో కూర్చోబెట్టి మనం తాగడం నాకు నచ్చదు. ఇష్టం లేనోళ్లని ఒక గుక్క తాగమని బలవంతం చేయడమూ నచ్చదు. అందరికీ ఒకే పంక్తి, ఒకే సంగటి. అవ్వ గ్లాసులో మజ్జిగ, నీ గ్లాసులో వైన్. వైన్ ఇంటికొచ్చిన చుట్టం లాంటిది, ఇంటి పద్ధతికి అదే సర్దుకోవాల. ఈసారి ఎవరైనా సీసా తెస్తామంటే, "ఈ రోజు నాటుకోడి పులుసు, చల్లటి వైట్ తీసుకురాండి" అని ముందే చెప్పండి.