భూమి లేని ఇంటికి చదువే పట్టా

పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాయంటే కూలి ఇళ్లలో పిల్లల బడి సంచులు గోడకు వేలాడడం గుంటూరు సీమకు కొత్త కాదు. తుళ్లూరు ప్రాంతంలో ఇప్పుడు ఆ చేలే చాలావరకు లేవు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ మొదలై, 29 గ్రామాల పరిధిలో 30 వేలకు పైగా ఎకరాలు రైతుల చేతి నుంచి ప్రభుత్వానికి చేరాయి. భూమి ఉన్నవారికి ప్లాట్లు, ఏటా కౌలు ఇస్తామన్నారు. భూమి లేని పేద కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. ప్లాటు తరాలను నిలబెడుతుంది. పింఛను పూట గడుపుతుంది. సెంటు భూమి లేని ముస్లిం కుటుంబాలు ఈ రెండో వరుసలోనే నిలిచాయి. వారి పిల్లలకు మిగిలిన ఆస్తి ఏమిటి?

ఇలాంటి నష్టాన్ని మన పెద్దలు ఇదివరకే చవిచూశారు. దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకులవారి చేతిపనిని యంత్రాలు మింగేశాయి. పత్తి పండే నేలమీదే పత్తి పని కరువైంది. తుళ్లూరుకు పొరుగునున్న తాడికొండ మండలం పొన్నెకల్లులో 1920లో అటువంటి పేద ఇంట పుట్టిన షేక్ నాజర్, బుర్రకథను తెలుగు ప్రజల కళగా నిలబెట్టి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఆ జీవితం మనకు గర్వకారణమే. అయితే అసాధారణ ప్రతిభ ఉన్నవాడు గోడ దూకైనా బయటపడతాడు. సామాన్యుడికి తలుపు కావాలి. ఆ తలుపు బడి.

2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పిన మాటలు నేటికీ మరువదగినవి కావు. 2001 జనగణన ప్రకారం దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లింలలో అది 59.1 శాతం. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖమే చూడనివారు, లేదా మధ్యలో మానేసినవారు. మదరసాల్లో చదివేవారు నూటికి నలుగురికి మించరు. కనుక వెనుకబాటుకు మదరసాను నిందించడం తేలిక, కాని సత్యం కాదు. అసలు కారణాలు పేదరికం, దూరం, చిన్న వయసులోనే ఇంటి బరువు.

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వరకే అండగా ఉంటుంది. మన పిల్లలు జారిపోయేది సరిగ్గా ఆ తర్వాతే. పద్నాలుగేళ్ల పిల్లవాడు తెచ్చే కూలి ఆ సాయంత్రమే కనిపిస్తుంది. చదువు ఫలితం పదేళ్లకు గాని కనిపించదు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే ముందుగా ఆగిపోయేది ఆడపిల్ల. ఇటువంటి స్థితిలో మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపివేయడం పైమెట్లను కూడా తొలగించడమే.

తుళ్లూరు మండలం ఐనవోలులో, సమీపంలోని నీరుకొండలో 2017 నుంచి విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి. ఆ గేటు దాటి మన పిల్లలు తరగతి గదులకు వెళతారా, లేక తోటపనికి, కాపలాకు మాత్రమే వెళతారా? ఏ పనీ హీనం కాదు. కాని ఒకే వర్గానికి తరతరాలుగా అదే పని మిగలడం అన్యాయం. 2007 నాటి చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ–ఇ రిజర్వేషన్, దూదేకులకు బీసీ–బిలో ఉన్న అవకాశం పదో తరగతి, ఇంటర్ దాటినవారికే అక్కరకు వస్తాయి. అక్కడిదాకా పిల్లలను నడిపించకుండా రిజర్వేషన్ గురించి ఎంత మాట్లాడినా ఫలం స్వల్పం.

చదువు ఒక్క ఉద్యోగం కోసమే కాదు. ఒప్పందపత్రం చదివి సంతకం చేసే తండ్రి, మందుచీటీ అర్థం చేసుకునే తల్లి, గ్రామసభలో లేచి ప్రశ్నించే యువతి ఉన్న ఊరు మోసపోదు. అది ఊరందరికీ లాభం.

ప్రభుత్వం బాలికలకు రవాణా, వసతిగృహాలు కల్పించాలి. ఉపకారవేతనాలు సకాలంలో ఇవ్వాలి. అడగడం మన హక్కు. అయితే మన వంతు పని ఒకటుంది. ఏటా జూన్‌లో ప్రతి మస్జిద్ కమిటీ బడి మానిన పిల్లల జాబితా రాయాలి, ఆ ఇళ్ల తలుపు తట్టాలి, కులధ్రువీకరణ పత్రం ముందుగానే ఇప్పించాలి. భూమిని సమీకరించగలరు, చేతిపనిని యంత్రం లాక్కోగలదు. నేర్చిన చదువును మాత్రం ఎవరూ తీసుకుపోలేరు. భూమి లేని ఇంటికి అంతకు మించిన పట్టా లేదు.