వంద కోట్ల ఎకరం వెనక జీవో

2023 ఆగస్టులో హైదరాబాద్ పడమట కోకాపేట నియోపోలిస్ సర్కారు వేలంలో ఎకరం వంద కోట్లు దాటినప్పటి నుంచి పత్రికల్లో ఒకటే వ్యాఖ్యానం: ఐటీ కొలువులు పడమటికి పోయాయి, బిల్డర్లూ వాటి వెంటే పోయారు. కొలువుల మాట అబద్ధం కాదు. కానీ తూర్పున పోచారంలోనూ ఇన్ఫోసిస్ ప్రాంగణం ఉంది. అక్కడ మరో కోకాపేట ఎందుకు లేవలేదో ఈ వాదన చెప్పదు. ఆ స్థలంలో ఎన్ని చదరపు అడుగులు కట్టనిస్తారు, టైటిల్ నిలుస్తుందా అన్నవే బిల్డర్ ముందుగా తేల్చుకునేవి. ఎకరం ధర ఆ లెక్కలోంచే పుడుతుంది.

ఆ లెక్కను మార్చింది 2006 నాటి జీవో 86. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న ఎఫ్ఎస్ఐ పరిమితిని హైదరాబాద్‌లో అది చాలావరకు ఎత్తేసింది. 2012లో జీవో 168 అదే బాటలో నడిచింది. ఇక ఎత్తును తేల్చేవి ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్. ఎత్తు పెరిగేకొద్దీ సెట్‌బ్యాక్ పెరుగుతుంది కనుక చిన్న ప్లాట్ల పాత పేటల్లో టవర్ గిట్టదు. ఎకరాల కొద్దీ ఒకే ముక్క, వెడల్పాటి రోడ్డు మీద, లింకు డాక్యుమెంట్ల బెడద లేకుండా కావాలి. జాగీరు, ఇనాం, అసైన్డ్ తగాదాలు ముసిరిన రంగారెడ్డి జిల్లాలో అలాంటి నేల సులువుగా దొరికేది సర్కారు వేలంలోనే. పరిమితి ఉన్న నగరంలో ఒక పేట నిండితే గిరాకీ పక్క పేటకు పొర్లుతుంది. ఇక్కడ అదే ఎకరంలో పైకి పోతుంది.

గిరాకీయే అన్నీ నిర్ణయిస్తుందనేవారు వట్టినాగులపల్లిని చూడాలి. ఐటీ కొలువులున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ను ఆనుకున్న ఊరే. కొలువుల దూరంలో కోకాపేటకు తీసిపోదు. కానీ అది 1996 మార్చి నాటి జీవో 111 కింది 84 గ్రామాల్లో ఒకటి. నగరానికి నీరిచ్చే జంట జలాశయాల రక్షణ కోసం పెట్టిన ఆ ఆంక్షల్లో ఎఫ్ఎస్ఐ స్థలంలో సగమే, కొత్త లేఅవుట్లలో 60 శాతం ఖాళీ స్థలాలకూ రోడ్లకూ వదలాలి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ అడ్డూ తొలగిందిగా అంటారు. ఆ జీవో నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతు పెట్టిందన్నది అలా ఉంచండి. అసలు చిక్కు ఎం.వి. నాయుడు కేసులో 2000 డిసెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఆ జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో ఒక నూనె పరిశ్రమకు రాష్ట్రం ఇచ్చిన మినహాయింపును కోర్టు చెల్లదంది. అది ఒక్క పరిశ్రమ సంగతి, మొత్తంగా ఎత్తేయడానికి వర్తించదని వాదించవచ్చు. కానీ తీర్పుకు ఆధారం ముందుజాగ్రత్త సూత్రం, 21వ అధికరణం కింద జనానికున్న నీటి హక్కు. ఒక్క కర్మాగారానికి ఇవ్వరాని సడలింపును 84 ఊళ్లకు ఇవ్వవచ్చనడం ఆ ఆధారాన్నే కాదనడం.

నగరాన్ని నలుదిక్కులా విస్తరించాలని 2020లో తెచ్చిన గ్రిడ్ విధానం ఐటీ సంస్థలకు ప్రోత్సాహకాలిచ్చింది, పడమట కట్టడాల పరిమాణం జోలికి మాత్రం పోలేదు. వేలంలో ఎకరం ధర ఎంత పెరిగితే ఖజానాకు అంత రాబడి. ఆ ధర నిలవాలంటే పరిమితి ఉండకూడదు. తూర్పుకు బిల్డర్లను నిజంగా రప్పించాలనుకుంటే ప్రభుత్వం ముందుగా వదులుకోవాల్సింది ఆ రాబడినే.