రాకెట్టా? దోమా?



మానవాళి భవిష్యత్తుకి ఏ శాస్త్రం ముఖ్యం అంటే మన క్లాసులో సగం మంది అంతరిక్షం అన్నారు, మిగతావాళ్లు కంప్యూటరు అన్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినందుకు నాకూ గర్వమే. అయినా నా ఓటు రోగక్రిముల శాస్త్రానికే.

ఎందుకంటే, ఆ 2023లోనే ప్రపంచంలో దాదాపు 6 లక్షల మంది మలేరియాతో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో ఐదేళ్లు నిండని పిల్లలు. బతికితే కదా వాళ్లు రాకెట్లు చేసేది!

ఈ శాస్త్రం మనకి దూరం కాదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. చైనాలో తూ యూయూ గారు 1972లో మాచిపత్రి జాతి మొక్క నుంచి ఆర్టెమిసినిన్ అనే మందు తీశారు. 2015లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది.

మరి పని అయిపోయిందా? లేదు. కొన్ని దేశాల్లో క్రిమి ఆ మందుకి కూడా సరిగా లొంగడం లేదు. కొత్త మందులు కనిపెట్టేవాళ్లు ఎప్పుడూ కావాలి. ఆకూ అలమూ, చలిజ్వరం బాధా రెండూ తెలిసిన మనలోంచి వాళ్లెందుకు రాకూడదు?

వార్డెన్ సారుకి ఒక మనవి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి ప్రతి ఆదివారం నిలవనీళ్లు పారబోసే పని, చిరిగిన దోమతెరలు కుట్టే పని మా తరగతికి ఇప్పించండి.

కాదనేవాళ్లు వచ్చే సంచికలో జవాబు రాయండి!