చూస్తున్నారు సరే, చెప్పారా?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా చీరల దుకాణాల్లో, నగల షాపుల్లో ఒక బోర్డు కనబడుతుంది: 'మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు.' ఈ 'మీరు' ఎవరు? కొనడానికి వచ్చి గంటలో వెళ్లిపోయే మనిషి. పొద్దుట నుంచి రాత్రి దాకా అదే కెమెరా కింద నిలబడి చీరలు పరిచి, మడిచి, మళ్లీ పరిచే అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పరు. ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, దాన్ని బట్టి జీతం కోస్తారా? "ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కి వెళ్లావో కెమెరాలో చూశాను" అని సూపర్‌వైజర్ అన్న రోజునే తెలుస్తుందని ఈ స్త్రీలు నాతో అన్నారు. ఎప్పుడు చూస్తున్నారో తెలియని మనిషి ఎప్పుడూ ఒళ్లు బిగబట్టుకునే ఉంటుంది. ఆ చెప్పకపోవడంలోనే యజమాని అధికారం ఉంది.

యజమానులు చట్టాన్ని చూపిస్తారు. 2013లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత (చర్యల అమలు) చట్టం తెలంగాణలోనూ కొనసాగుతోంది. ఒకేసారి 100 మంది, అంతకు మించి చేరే సంస్థలు కెమెరాలు పెట్టాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. పనిచేసే మనిషి ఎంతసేపు కూర్చుందో లెక్కపెట్టమని అందులో లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని 7వ సెక్షన్ చదవండి. ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడేందుకు, ఉద్యోగి సమాచారాన్ని ఆమె సమ్మతి లేకుండానే వాడుకోవచ్చు. ఈ చట్టం నోటీసును సమ్మతికి ముడిపెట్టింది. సమ్మతి అడగనక్కర్లేకపోతే నోటీసూ అక్కర్లేదు. రక్షణ ఎవరికి దక్కినట్టు?

"మీ భద్రత కోసమే" అంటారు. అమీర్‌పేట హాస్టళ్ల గేట్లకు తాళం వేసేటప్పుడూ ఇదే మాట. నిజంగా అందుకే అయితే, లైంగిక వేధింపుల చట్టం ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఇచ్చినప్పుడు, దృశ్యాలు 30 రోజులు దాస్తే చాలా? ఆమె ధైర్యం కూడగట్టుకుని రెండో నెలలో వస్తే సాక్ష్యం చెరిగిపోయి ఉండవచ్చు.

దొంగతనాల మాటేమిటని అడుగుతారు. కెమెరాలు పీకెయ్యమని నేను అనడం లేదు, చెప్పి పెట్టమంటున్నాను. స్పెయిన్‌లో 2009లో ఒక సూపర్‌మార్కెట్ క్యాషియర్లను రహస్య కెమెరాలతో పట్టి పనిలోంచి తీసేశారు. ఐదుగురు స్త్రీలు యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో 2018లో గెలిచారు, 2019లో ఓడిపోయారు. ఓడించిన తీర్పు కూడా ముందుగా చెప్పడమే నియమమని, బలమైన కారణం ఉంటేనే మినహాయింపని అంది. అక్కడి మినహాయింపు ఇక్కడ నియమమై కూర్చుంది.

మనం అడగవలసినవి ఇవి. ఉద్యోగంలో చేరే రోజునే, ఆమెకు వచ్చిన భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా, కెమెరాలు ఎక్కడ ఉన్నాయో, ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో, దేనికి వాడకూడదో రాసివ్వాలి. దృశ్యం ఆధారంగా జీతం కోస్తే, దాన్ని చూసి జవాబు చెప్పుకునే హక్కు ఆమెకుండాలి. దృశ్యాలను కనీసం మూడు నెలలు ఉంచాలి. బట్టలు మార్చుకునే చోట, విశ్రాంతి గదుల్లో కెమెరా ఉండరాదు.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, అందులో సంస్థ బయటి సభ్యురాలు ఉండాలి. ఆ కుర్చీల్లో కూర్చునేది చాలాచోట్ల మనమే. వచ్చే సమావేశంలో యాజమాన్యాన్ని మొదట అడగండి: కెమెరాల గురించి ఈ అమ్మాయిలకు ఏం చెప్పారు? రాసిచ్చిన కాగితం చూపించమనండి.