నూనెతో మెత్తదనం వస్తుంది, కొత్త జుట్టు రాదు

మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో చేరి, అమీర్‌పేట సందుల్లోని హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పే మాట ఒకటుంది. ‘ఇక్కడి నీళ్లు పడట్లేదమ్మా, జుట్టంతా పీచులా అయిపోతోంది’ అని. వెంటనే ఊరి నుంచి ఒక సీసా బయల్దేరుతుంది. మందారాకు, మెంతులు, కరివేపాకు వేసి అమ్మ స్వయంగా కాచిన నూనె. అది అయిపోయేలోపే పిల్ల ఫోన్‌లో ప్రకటన చూసి ఉల్లి నూనె అని ఇంకొకటి తెప్పించుకుంటుంది.

పిల్ల ఫిర్యాదులో సగం నిజమే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బుతో తల రుద్దుకుంటే ఆ లవణాలు సబ్బుతో కలిసి జిడ్డు మడ్డిలా జుట్టుకు పట్టుకుంటాయి. జుట్టు గరుకుగా, చిక్కులు చిక్కులుగా తయారవుతుంది. దీనికి నూనె పనికొస్తుంది. కానీ కుదురు నుంచి వెంట్రుకలు ఊడిపోవడం వేరే సంగతి. ఈ రెండింటినీ కలిపేసి ఒకే సీసాతో తేల్చేద్దామనుకోవడం దగ్గరే మన ఇళ్లలో తేడా వస్తోంది.

అసలు నూనెలో తేమ ఉండదు. ‘తేమనిచ్చే నూనె’ అని సీసా మీద ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, నూనె చేసేది ఉన్న తేమను తొందరగా పోనివ్వకపోవడమే. వెంట్రుక పైపొర ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, ఆ పెంకులు లేస్తాయి. ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. ఇలా ఉబ్బి, ముడుచుకుని, దువ్వెన రాపిడి కూడా తగిలి కొన్నాళ్లకు పైపొర అరిగిపోతుంది. 2003లో కొబ్బరి నూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూసిన ఒక పరిశోధనలో, జుట్టులోని ప్రొటీన్ పోకుండా బాగా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగగలదు. ఆ పరిశోధన చేసింది కొబ్బరి నూనె అమ్మే మారికో సంస్థవాళ్లే కాబట్టి కాస్త జాగ్రత్తగానే చదవాలి. అయినా ఆ వివరణ అర్థవంతంగానే ఉంది.

మనవాళ్ల తలంటు కూడా ఈ వరసలోనే ఉంటుంది. ఉగాదికైనా, దీపావళికైనా ముందు నూనె, తర్వాతే కుంకుడుకాయ పులుసు. తల తడవక ముందే నూనె పట్టించడం వల్ల జుట్టు నీటికి అంతగా ఉబ్బదు. ఇప్పటి అలవాటు దీనికి తలకిందులు. షాంపూతో తల రుద్దుకుని, ఆరిపోయాక, బయటికి వెళ్లే ముందు చేతినిండా నూనె రాసుకుని మెట్రో ఎక్కుతున్నారు. ఆ జిడ్డుకు పంజగుట్ట దుమ్మంతా పడుతుంది. నుదుటి మీద మొటిమలు వస్తాయి. మర్నాడు మళ్లీ షాంపూ. తలస్నానానికి గంట ముందు, కుదుళ్లకు కాకుండా చెవుల కింది నుంచి కొసల దాకా, జుట్టు పొడవును బట్టి ఒకటి రెండు చెంచాలు రాస్తే చాలు. స్నానం తర్వాత కావాలంటే తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కలు అరచేతిలో రుద్దుకుని కొసలకు అద్దుకోవచ్చు.

ఏ నూనె అంటే, కిరాణా కొట్టులో దొరికే మామూలు కొబ్బరి నూనె. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరి నూనె వంటనూనా, తలనూనా అన్న పన్ను తగాదా ఏళ్ల తరబడి నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వంటనూనెగా అమ్మితే చిన్న సీసా అయినా అది వంటనూనే అని 2024 డిసెంబరులో తేలింది. పోపుకు వాడేదే జడకూ సరిపోతుందన్నమాట. నువ్వుల నూనె మీద ఇన్ని పరీక్షలు జరగలేదు కానీ, అలవాటున్నవాళ్లు మానుకోనక్కర్లేదు. ఆముదం మాత్రం చిక్కన. దట్టంగా పట్టిస్తే జుట్టు విడదీయలేనంత ముద్దకట్టి, చివరికి కత్తిరించాల్సి వచ్చిన ఉదంతం 2017లో ఒక వైద్య పత్రికకే ఎక్కింది. బాదం, ఉసిరి బొమ్మలున్న సీసాలు కొనే ముందు వెనక వైపు తిప్పి చూడండి. చాలా వాటిలో మొదటి పేరు మినరల్ ఆయిల్. అది పెట్రోలియం నుంచి వచ్చేది. హాని చేస్తుందని కాదు, పైపైన జారుడుగా కూడా ఉంచుతుంది. కానీ బాదం ధర పెట్టి దాన్ని కొనడమెందుకు?

చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం తలకు నూనె ఆపాల్సిందే. ‘పొడిబారింది, నూనె పట్టించు’ అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా చెప్పే మాట ఇక్కడ పనికిరాదు. నూనె పెట్టగానే పొట్టు అణిగి, తగ్గినట్టు కనబడుతుంది. నిజానికి చుండ్రుకు కారణమైన ఫంగస్‌కు ఆ జిడ్డే ఆహారం. దానికి కీటోకొనజోల్ ఉన్న షాంపూ వేరే ఉంది, వైద్యుల సలహాతో వాడాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. ఉదయం టిఫిన్ మానేసి, టీతో క్లాసుకు పరుగెత్తి, రాత్రి హాస్టల్ సాంబారు నచ్చక నూడుల్స్‌తో సరిపెట్టుకునే పిల్లకు గుప్పెళ్లు గుప్పెళ్లుగా జుట్టు ఊడుతుంటే మనం నూనె మారుస్తూ కూర్చుంటున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి దాదాపు 58 మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా ముందుగా తెలిసేది చాలాసార్లు దువ్వెనలోనే. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు వచ్చిపోయిన రెండు మూడు నెలలకు కూడా జుట్టు ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతి ఎవరికీ గుర్తుండదు కాబట్టి నేరం నీళ్ల మీదకు పోతుంది.

అందుకని రెండో సీసా కొనే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ చూపించండి. డబ్బుకు వెనకాడాల్సి వస్తే నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. అక్కడ డాక్టరు చూస్తారు, పరీక్షలకు రక్త నమూనాలూ తీసుకుంటారు. ఫెరిటిన్ విడిగా అడగాల్సి రావచ్చు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు, ఆ సంగతి చెప్పేది అదే.

లోపం బయటపడి మందు మొదలుపెట్టాక కూడా ఓపిక కావాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జడలో తేడా కనబడటానికి ఏడాది పట్టొచ్చు. పదిహేను రోజుల్లో ఒత్తయిన జుట్టు అని ఏ సీసా మీద రాసి ఉన్నా, ఆ పదిహేను రోజుల్లో పెరిగేది అర సెంటీమీటరు.