కౌన్సెలింగ్ అంటే కాపురం అతికించడమేనా?

ఆమెది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఓ చిన్న ఊరు. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. నా ముందు కూర్చునేసరికి చెవి పక్కన కమిలిపోయి ఉంది. అప్పటికే మూడుసార్లు ఆమెకు 'కౌన్సెలింగ్' అయింది. రెండుసార్లు పెద్దమనుషుల దగ్గర, ఒకసారి ఓ ఠాణాలో. మూడుసార్లూ భర్త తప్పయిందని సంతకం పెట్టాడు. మూడుసార్లూ ఆమెను అతని వెంటే పంపించారు.

"నువ్వేమన్నవు, యాళ్లకు అన్నం పెట్టినవా అనే అడిగిండ్రక్కా. నీకేం కావాలె అని ఒక్కరూ అడగలే" అంది.

అక్కలారా, మన చుట్టూ కౌన్సెలింగ్ పేరుతో జరుగుతున్నది చాలావరకు పాత రాజీ పంచాయితీయే. చెట్టుకింది గద్దె పోయి గదీ కుర్చీలూ వచ్చాయి, అంతే! ఎందుకు కొట్టావని అడిగితే అతను కారణాలు చెబుతాడు. ఇక చర్చంతా ఆ కారణాల మీదే. చివరికి దోషిగా నిలబడేది దెబ్బలు తిన్న మనిషి.

చట్టం ఇలా చెప్పిందా? 2005లో వచ్చిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అది ఎలా జరగాలో 2006 నాటి నియమాలు చెప్పాయి. హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడమే దాని లక్ష్యం. చేసిన హింసను సమర్థించుకునే అవకాశం అతనికి ఇవ్వకూడదు. రాజీ ప్రయత్నం ఆమె కోరితేనే. కోర్టు పంపినా పంపకపోయినా, మన ప్రతి కౌన్సెలింగ్ గదిలోనూ ఈ మూడూ పాటించాలి.

మరి ఆమే తిరిగి వెళ్తానంటే? పిల్లల చదువు, తల్లిగారింట చోటు లేకపోవడం, చేతిలో పైసా లేకపోవడం, ఇలా ఆమె లెక్కలు ఆమెకుంటాయి. "ఇంత చెప్పినా మళ్లీ పోయింది" అని విసుక్కుంటే మనమూ ఆమెపై పెత్తనం చేసేవాళ్లమే. నేనూ ఒకప్పుడు అలా విసుక్కున్నదాన్నే. రాత్రి గొడవైతే ఏ ఇంటికి పరుగెత్తాలి, ఆధార్ కార్డు, పాస్‌బుక్కు ఎవరి దగ్గర దాచాలి, ఆస్పత్రి చీటీ ఎందుకు పారేయకూడదు, 181కి ఎప్పుడు ఫోన్ చేయాలి అన్నవి ఆమె వెళ్లేముందు కూర్చుని మాట్లాడుకోవాలి. అతను పక్కన లేకుండా మాట్లాడుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోనూలేదు. అలాంటిచోట మన గడప తొక్కిన మనిషి ఎంత ధైర్యం కూడగట్టుకుని వచ్చిందో ఆలోచించండి. 2016లో మా ఘన్‌పూర్ వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి మారింది. ఏ జిల్లా అయినా ఆమెకు బస్సు చార్జీ తప్పదు, ఆనాటి కూలి దక్కదు. ఒక్క పనికి నాలుగుసార్లు తిప్పడం కూడా హింసే.

కాపురాలు కూలుస్తున్నామని మనల్ని నిందించేవారున్నారు. కొట్టిన చెయ్యి కూల్చినదాన్ని మన నెత్తిన వేసుకుని, అతికించే పనికి మనం ఎందుకు దిగాలి?

మన రిజిస్టర్లలో 'రాజీ కుదిరినవి' అని ఓ గడి ఉంటుంది. అంకె పెరిగితే మనకు మెప్పు. ఆ పక్కనే ఇంకో గడి గీద్దాం: ఆరు నెలల తర్వాత ఆమెను ఎవరైనా పలకరించారా? అప్పుడామె ఏమంది?